తవ్వేముందు చదవాలి

తెలుగు గోడపత్రికలో ఈ బురద గొడవేమిటి అంటారేమో. కొంచెం ఓపిక పట్టండి.

షోళింగనల్లూరు నుంచి మేడవాక్కం మీదుగా వెళ్తే పళ్లికరణైలో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వస్తుంది. ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్ దీవుల దగ్గర, కాంగ్స్‌ఫ్యోర్డ్‌లో 192 మీటర్ల లోతున 2014 జులైలో మన దేశం దింపిన ‘ఇండార్క్’ పరికరాల తయారీలో ఈ సంస్థకూ భాగముంది. కాబట్టి ఆర్కిటిక్ మనకేమీ సంబంధం లేని చోటు కాదు.

అక్కడ హిమానీనదాలు కొండల్ని అరగదీసి, ఆ పొడిని సముద్రంలోకి తోస్తాయి. అడుగున పేరుకున్న ఆ బురదలో రేర్ ఎర్త్ మూలకాలు ఉంటాయి. మన పాఠ్యపుస్తకాల్లో వీటి పేరు విరళ మృత్తికలు. మొత్తం 17. ఇవి జట్టుగా తిరుగుతాయి. రాయి పిండైపోయినా వీటి పాళ్లు పెద్దగా మారవు. మా ఇంట్లో తమిళం, తెలుగు రెండూ నడుస్తాయి. అయినా అమ్మమ్మ నాలుగు మాటలు మాట్లాడితే చాలు, వాళ్లది ఏ వైపో తెలిసినవాళ్లు పట్టేస్తారు. బురదా అంతే. సైబీరియా బసాల్టు నుంచి వచ్చిందా, పాత గ్రానైట్ నుంచి వచ్చిందా అన్నది ఆ పాళ్లు చెప్తాయి. వాటిలో సీరియం తీరు వేరు. ప్రాణవాయువు బాగా ఉన్న నీళ్లలో అది మిగతావాటిని వదిలేసి రేణువులకు అంటుకుని కిందికి దిగిపోతుంది. అందుకే ఒకప్పటి సముద్రం ఎలా ఉండేదో ఊహించడానికి సీరియం ఒక ఆధారం.

మనం మాత్రం రేర్ ఎర్త్ అనగానే అయస్కాంతాలు, ఫోన్లు, ధరలు అనుకుంటాం. 2024 జనవరిలో నార్వే పార్లమెంటు తన ఆర్కిటిక్ సముద్రగర్భంలో ఖనిజాన్వేషణకు తలుపు తీసింది. విమర్శలు వచ్చాక ఆ డిసెంబరులో మొదటి లైసెన్సులు ఆగాయి. మనమూ ఆ దారిలోనే ఉన్నాం. 2021లో పళ్లికరణై సంస్థ తన ‘వరాహ’ యంత్రాన్ని మధ్య హిందూ మహాసముద్రంలో 5,270 మీటర్ల లోతున నడిపి చూసింది. అది మాంగనీసు, నికెల్ ఉన్న ముద్దల కోసం. పురాణంలో వరాహం మునిగిన భూమిని కాపాడింది. ఈ వరాహం ఏం చేస్తుందో మన చేతుల్లో ఉంది.

తవ్వకమే వద్దని నేననను. 2025 ఏప్రిల్‌లో చైనా ఎగుమతులు బిగించాక మన అవసరం ఎంతో తెలిసొచ్చింది. కానీ నడిసముద్రంలో బురద వెయ్యేళ్లకు కొన్ని మిల్లీమీటర్లే పేరుకుంటుంది. యంత్రం ఒక జానెడు గీకితే పోయేది వేల ఏళ్ల చరిత్ర. అందుకే ఏ చోటుకైనా అనుమతి ఇచ్చేముందు అక్కడి బురద నమూనాలు తీసి, చదివి, భద్రపరచాలి. ఫలితాలు మనకర్థమయ్యే భాషలో బయటపెట్టాలి.

తాళపత్రం చదవకుండా పొయ్యిలో పెడితే మన విభాగంలో ఎవరూ ఊరుకోరు కదా. ఇదీ అలాంటిదే.