స్తంభముల మీది పెట్టెలు

తొలకరి జల్లు పడిన దినమున నంద్యాల వీధులలో గాని, ఆళ్లగడ్డ బజారులలో గాని నడచువారు కాలిక్రింది బురదను చూచుకొందురే గాని తలయెత్తి కరెంటు స్తంభమును చూడరు. చూచినచో ఇనుప జంక్షన్ బాక్సు యొకటి, దానికి చేరువనే నల్లని ఫైబరు డబ్బా యొకటి కనబడును. మొదటిది ఇండ్లకు విద్యుత్తును పంచునది. రెండవది వెండ్రుకవంటి గాజుపోగుల అతుకులను దాచియుంచునది. ఈ రెండింటిని అమర్చుటయందు చూపిన ఉత్సాహమును కాపాడుటయందు చూపుట లేదని మేము చెప్పక తప్పదు.

2015లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ సంస్థ గాజుతీగలను భూమిలో పూడ్చుటకు మారుగా విద్యుత్ స్తంభముల మీదుగనే లాగించినది. త్రవ్వకపు వ్యయమును కాలమును కలిసివచ్చినవి. 2017 డిసెంబరు 27వ తేదీన నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆ పథకమును జాతికి అంకిత మొనర్చిరి. ఏర్పాటు మెచ్చదగినదే. కాని ఒక్క స్తంభముపై ఇద్దరి సొత్తు చేరినపుడు బాధ్యత ఎవరిదను ప్రశ్న పుట్టును. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చినదన్న సామెత ఊరక పుట్టలేదు.

పెట్టెయే గదా యని తేలికగా తలపరాదు. పెట్టెలోని అతుకు వదులైనచో అచ్చట వేడి పుట్టును. వేడిచే అతుకు మరింత వదులగును. తుదకు తీగ తొడుగు కాలి మంట లేచును. తీగలు పెట్టె పైనుండి గాక అడుగునుండి ప్రవేశింపవలెను. ప్రవేశించుటకు ముందు వానిని క్రిందికి వంచినచో వాననీరు ఆ వంపుననే జారిపోవును. ఆరుబయట పెట్టు పెట్టెపై ఐ.పి. 55 అను గుర్తు చూచుకొనుట మంచిది. అందు మొదటి అంకె ధూళిని, రెండవ అంకె నీటిచిమ్మును ఆపగల శక్తిని తెలుపును. కాని మూత తెరచియున్న పెట్టెను ఏ గుర్తును కాపాడజాలదు.

మన నల్లరేగడి నేల వానకు ఉబ్బును, ఎండకు బీటలువారును. స్తంభము ఒరుగుటకును, ఎర్తు కడ్డీకి నేలతో గల పట్టు సడలుటకును ఇది కారణము. ఎర్తు చెడిన ఇనుప పెట్టెలో తీగ తొడుగు కూడ చెడినచో పెట్టెయే ప్రాణాంతక మగును. దానిని ముట్టిన పసిబిడ్డకును, ఆనుకొన్న పశువునకును ఆ సంగతి యెట్లు తెలియును?

గాజుపోగు మందము మిల్లీమీటరులో ఎనిమిదవ వంతు. వెలుతురు పయనించు నడిమి భాగము సుమారు 9 మైక్రానులు మాత్రమే. కొనపై ధూళికణము నిలిచినను, పోగు మితిమించి వంగినను వార్త క్షీణించును. కనుక డబ్బాలో పోగులను పళ్లెములయందు విశాలముగ చుట్టి, నీరును చీమలును దూరు సందులను మూయవలెను. గాజుపోగులో విద్యుత్తు లేదు. కాని దానిని సవరించు పనివాడు విద్యుత్ తీగల చెంతకే ఎక్కుచున్నాడు. పై తీగలో కరెంటు ఉన్నదో లేదో అతనికి చెప్పువారెవరు? రెండు శాఖలును మాటలాడుకొననిచో ఆ మౌనమునకు వెల చెల్లించునది ఆ పేదవాడే.

భూస్వాములైన మా పాఠకులనుగూడ అడుగుచున్నాము. మీ బోరు చెంత స్టార్టరు డబ్బాకు మూత గలదా? ఫ్యూజు పోయిననాడు లైన్‌మన్ వచ్చువరకు ఆగక జీతగానిని ట్రాన్స్‌ఫార్మరు గద్దె యెక్కించుట లేదా? ఎండు పైరును చూచి రైతు ఓర్వలేడని ఎరుగుదుము. కాని పైరు పోయిన మరియొక కారు వచ్చును. ప్రాణము పోయిన రాదు. నీరు పోయుచు యంత్రముతో రాతిని కోయు ఆళ్లగడ్డ శిల్పులును 30 మిల్లీ ఆంపియర్ల లీకునకే కరెంటును ఆపు పరికరమును పెట్టించుకొనుట మేలు.

2003 నాటి విద్యుత్ చట్టపు 161వ సెక్షను ప్రమాదము జరిగిన పిదప తెలుపుటను, విచారించుటను గూర్చి చెప్పుచున్నది. విచారణ యవసరమే లేని స్థితి మాకు కావలెను. 2022 ఏప్రిల్ 4వ తేదీనుండి నంద్యాల జిల్లా కేంద్రము. అధికారులు చేరువలోనే యున్నారు. ప్రతి పెట్టెకును ఒక సంఖ్యయు, బాధ్యత వహించు కార్యాలయపు పేరును, ఫోను నంబరును వ్రాయింపవలెను. తాళము వేయింపవలెను. ఏటేట తొలకరికి ముందు ఇరుశాఖల వారును కలిసి తనిఖీ చేసి, తేదీని పెట్టె మీదనే గుర్తింపవలెను. పురపాలక సంఘములును పంచాయతీలును ఆ తేదీని అడిగి చూడవలెను. ప్రజలును మూత లేని పెట్టెను చూచి తప్పుకొని పోక, ఆ నంబరునకు తెలుపవలెను. ఇది పెద్ద వ్యయముతో గూడిన పని కాదు. అయినను చేయనినాడు ఏ యింటి బిడ్డ ప్రాణమో మూల్యమగునని మరువరాదు.