ముందు అవ్వ మాట విందాం

ఒంటి మీద నీటిపొక్కులు లేస్తే ఆస్పత్రి చీటీలో 'చికెన్‌పాక్స్' అని రాస్తారు. మన ఇళ్ళల్లో 'అమ్మవారు పోసింది' అంటాం. పక్కింటి తమిళులూ 'అమ్మై' అనే అంటారు. అమ్మవారు అన్నాక గుమ్మానికి వేపమండలు కడతారు, పోపు పెట్టరు, చుట్టాల్ని రానివ్వరు, తలకు పోయరు. మందు వేస్తే అమ్మవారికి కోపం వస్తుందనే వాళ్ళూ ఉన్నారు.

ఇది విని "ఈ కాలంలో కూడా ఇదేంటమ్మా!" అని కసురుకునే నర్సులున్నారు. ఆ కసురువల్ల రోగికి ఒరిగేదేమీ లేదు. చీవాట్లు తిన్న అవ్వ నమ్మకం మానుకోదు, చెప్పడం మానుకుంటుంది. ఇంట్లో ఏ పసరు పోశారో, ఏ మాత్ర ఆపేశారో నర్సుకు ఇక తెలియదు. అసలు ప్రమాదం అదే.

అలాగని అన్నిటికీ తలూపమని కాదు. మెడలీన్ లైనింగర్ అనే అమెరికా నర్సు, రోగుల ఆచారాల విషయంలో మూడు దారులు చూపారు. ఉంచదగ్గది ఉంచాలి, సర్దదగ్గది సర్దాలి, హాని చేసేదాన్ని వాళ్ళతో కలిసి మార్చాలి.

మన అమ్మవారి సంగతే చూడండి. వేపమండలు ఉండనీ, ఎవరికీ నష్టం లేదు. చుట్టాల్ని రానివ్వకపోవడం మంచిదే. పొక్కులన్నీ పక్కు కట్టేదాకా ఇది అంటుకునే జబ్బు. స్నానం దగ్గర సర్దుకోవచ్చు: "తలకు పోసే రోజు మీరే చూసుకోండి అవ్వా, అందాకా గోరువెచ్చని నీళ్ళతో ఒళ్ళు తుడుద్దాం" అంటే ఏ అవ్వా కాదనదు. కానీ ఆయాసం వచ్చినా, మనిషి మగతగా పడి ఉన్నా, పొక్కులు చీము పట్టినా, గర్భిణికి సోకినా డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే. అక్కడ రాజీ లేదు. అయితే ముందు తన మాట విన్న నర్సు చెబితేనే అవ్వ ఆ మాట వింటుంది.

ఇందులో మనకూ పని ఉంది. ఇక్కడి ఆస్పత్రుల్లో నర్సుకు తమిళం, మన అవ్వకు తెలుగు. నడుమ మాట చెప్పేది మనమే. అవ్వ పది మాటలు చెబితే, సిగ్గుపడి వేపాకూ పసరూ దాచేసి, "జ్వరం అంటోంది" అని ఒక్క ముక్కతో తేల్చేస్తాం. అలా చేయొద్దు. అవ్వ చెప్పిందంతా చెప్పండి. ఏది ఉంచాలో, ఏది మార్చాలో అప్పుడే తేలుతుంది.