సైకిలు దగ్గరే ఆగిపోతాం

మాజీ ఎమ్మెల్యే గుమ్మడి నర్సయ్య పేరెత్తితే చాలు, మనందరికీ సైకిలే గుర్తొస్తుంది. ఎర్రజెండా కట్టిన పాత సైకిలు, లేదంటే ఆర్టీసీ బస్సు. ‘ఈ రోజుల్లో ఇలాంటి ఎమ్మెల్యేనా!’ అని ముక్కున వేలేసుకుని ఫొటో నలుగురికీ పంపేస్తాం. ఆయన ఇల్లెందు నుంచి గెలిచింది ఒకసారి కాదు, ఐదుసార్లు: 1983, 85, 89, 99, 2004. గిరిజనులకు కేటాయించిన ఆ సీటులో, పెద్ద పార్టీల టికెట్టు లేకుండా, మార్క్సిస్టు లెనినిస్టు పార్టీ మనిషిగా గెలిచాడు. పోడు భూముల కోసం పోరాడిన ఆదివాసుల ఓటు అది. సైకిలుకు పడింది కాదు. అయినా నిరాడంబరతనే మెచ్చుకుంటాం. అందులో మనకో సౌకర్యముంది లెండి: సైకిలును పొగిడితే పోడు పట్టాల మాట మాట్లాడక్కర్లేదు, ఎన్నికల ముందురోజు రాత్రి పంచే కవర్ల ఊసూ ఎత్తక్కర్లేదు. 2009లో ఆయన ఓడిపోయాడు. సైకిలు మారలేదు, మనిషీ మారలేదు. ఆ తర్వాత ఇల్లెందు మళ్లీ ఆయన్ని అసెంబ్లీకి పంపలేదు.