మెమరీ తరువాత వేయించుకొనవచ్చునా?

ప్రతి సంవత్సరమును కళాశాలలు తెరచు దినములలో మన నరసాపురము చుట్టుపట్ల ఇండ్లలో ఒక కొనుగోలును గూర్చి తర్జనభర్జనలు జరుగుచున్నవి. ఇంజనీరింగునకో, వాణిజ్యశాస్త్రమునకో చేరిన పిల్లలకు ల్యాప్‌టాప్ కావలెను. పిల్లలు పలుచనిది, తేలికయైనది కోరుదురు. పెద్దలు ధర చూతురు. తుదకు ఇరుపక్షములకును సమ్మతమైన మార్గ మొకటి దొరకును: "ఇప్పుడు 8 జీబీ మెమరీ గలది తీసికొందము, టమాటకు ధర పలికినప్పుడు ఇంకొక 8 వేయింతము." వినుటకు ఈ మాట ఎంతయో వివేకముగా నున్నది. కాని నేడు అంగళ్ళలో కనబడు పలుచని యంత్రములలో అనేకములకు ఇది చెల్లదు. చెల్లదని ముందుగా చెప్పువారును అరుదు. ఈ రెండవదియే మా ఫిర్యాదు.

మనవారి యోచనలో దోషము లేదు. మన ఊళ్ళలో ఇల్లు కట్టువాడు మిద్దెమీద స్తంభముల కమ్ములను కొంత పైకి వదలి పెట్టును. కుమారుడు ఉద్యోగస్థుడైన పిదప ఆ కమ్ములమీద మేడ లేచును. బల్లమీది పెద్ద కంప్యూటరులును, వెనుకటి లావుపాటి ల్యాప్‌టాప్‌లును ఆ తీరునే కట్టబడినవి. అడుగుమూత విప్పి, రెండున్నర అంగుళములకు కొంచెము మించిన పొడవు గల మెమరీ పలకను గాడిలో నొక్కిన పని ముగిసెడిది. బెంగుళూరు ఎస్.పి. రోడ్డునకు పోయి వేయించుకొని సాయంకాలమునకు ఇల్లు చేరినవారు మనలో ఎందరో కలరు. వారి అనుభవమే నేడు వారి పిల్లలను తప్పుదారి పట్టించుచున్నది.

ఇచట ఒక మాట స్పష్టము చేయవలసి యున్నది. అంగడివారు మెమరీ యను పేరుతో రెండు వేరు వస్తువులను పిలుచుచున్నారు. "512 మెమరీ" యని వారు చెప్పునది సామాను దాచు గది వంటిది. ఫైళ్ళు, ఫోటోలు అందుండును, విద్యుత్తు పోయినను చెదరవు. ర్యామ్ అనబడు మెమరీ పనిచేయు బల్ల వంటిది. బల్ల ఇరుకైనచో గది ఎంత విశాలమైనను పని సాగదు. గదిని పలుచని యంత్రములలో సైతము తరచుగా మార్పించుకొనవచ్చును. ఆపిల్ వారి నేటి ల్యాప్‌టాప్‌లలో అదియును సులభము కాదు. మేము వ్రాయుచున్నది బల్లను గూర్చి. పెన్ డ్రైవు గ్రుచ్చిన బల్ల పెరుగునని చెప్పువారిని నమ్మవలదు.

బంగారుగనుల సీమవారమగుటచే మనకు ఈ సంగతి తెలియుటకు కంసాలి పనియే చాలును. మర గల కమ్మను ఎవరైనను విప్పి మరల తొడుగవచ్చును. టంకము పెట్టి అతికిన దానిని విడదీయవలెనన్న నిప్పు కావలెను, నగకు ముప్పును కలదు. గాడిలోని మెమరీ మర వంటిది. పలుచని యంత్రములలో మెమరీ చిప్పులను మూలపలకకే టంకముతో అతికివేయుచున్నారు. 2008 జనవరిలో ఆపిల్ వారు కాగితపు కవరులో నుండి వెలికి తీసి లోకమునకు చూపిన మాక్‌బుక్ ఎయిర్‌లో 2 జీబీ మెమరీ అట్లే అతుకబడి వచ్చినది. 2012లో వారి రెటీనా తరగతి మాక్‌బుక్ ప్రో అదే త్రోవ పట్టినది. 2020 నవంబరులో ఎం1 చిప్పు వచ్చిన పిదప మెమరీ ప్రాసెసరుతో ఒకే పొట్లములో చేరినది. ఇంటెల్ వారును 2024లో లూనార్ లేక్ అను ప్రాసెసరులలో 16 లేక 32 జీబీ ఆ విధముగనే ఇమిడ్చిరి. వేడిగాలితో చిప్పులను ఊడదీసి పెద్దవానిని అతుకు నేర్పరులు లేకపోలేదు. కాని పని వికటించిన మూలపలకయే పోవును, వారంటీయును పోవును. కొత్త యంత్రమునకు అట్టి చికిత్సను మేము సిఫారసు చేయజాలము.

తయారీదారులు చెప్పు కారణములు కేవలము సాకులు కావు. తక్కువ విద్యుత్తుతో నడచు ఎల్‌పీడీడీఆర్ అను జాతి మెమరీ ప్రాసెసరునకు అతిసమీపమున ఉన్నప్పుడే తన పూర్తి వేగమున పనిచేయును. వెనుకటి గాడులు దానికి పనికిరావు. బ్యాటరీ ఎక్కువసేపు నిలుచుటలో దీనికి భాగము కలదు. మన పారిశ్రామిక వాడలో విస్ట్రాన్ వారు నెలకొల్పగా, టాటా వారు కొనుటకు 2023లో ఒప్పందము చేసికొన్న కర్మాగారమును ఎరుగని ఇల్లు ఈ ప్రాంతమున లేదు. ఐఫోనులలో మెమరీ ప్రాసెసరునంటియే యుండును. ఆ ఫోనునకు మెమరీ పెంచుమని అంగడికి పోయినవారిని మేము చూడలేదు. ఫోను చేతికందిన నాడే దాని శక్తి నిర్ణయమైనదని అందరును ఒప్పుకొన్నారు. ల్యాప్‌టాప్ ఇప్పుడు చప్పుడు లేకుండ ఆ ఫోను జాతిలో చేరినది. ఆ కబురు మాత్రము కొనువారికి అందలేదు.

అయినను, పలుచనైన అతుకు తప్పదనుట పూర్ణసత్యము కాదు. ఎం1 మాక్‌బుక్ ఎయిర్ మందము గరిష్ఠముగా 16.1 మిల్లీమీటర్లు. 2021లో అమెరికాలో ఫ్రేమ్‌వర్క్ అను చిన్న సంస్థ వెలువరించిన ల్యాప్‌టాప్ మందము 15.85 మిల్లీమీటర్లు, అందు మెమరీకి రెండు గాడులున్నవి, విప్పుకొనుటకు స్క్రూడ్రైవరును కూడ పెట్టెలో ఉంచిరి. ఆ సంస్థయే 2025లో ప్రకటించిన బల్లకంప్యూటరులో మెమరీని అతికించినది. ఆ ప్రాసెసరు కోరు వేగమును ఊడదీయగల మెమరీతో సాధింపలేకపోతిమని వారు దాచక చెప్పిరి. మేము అందరినుండియు కోరునది ఆ దాచకపోవుటయే. ఎల్‌పీక్యామ్2 అను క్రొత్త పలక మరలతో బిగించుకొనదగినదై, అల్పవిద్యుత్ మెమరీనే మోయుచున్నది. 2024లో లెనోవో వారి థింక్‌ప్యాడ్ పీ1లో అది వచ్చినది. అయితే అది విలువైన యంత్రము. మనవంటివారి ధరలకు ఆ పలక దిగివచ్చువరకు విద్యార్థుల చదువులు ఆగవు కదా!

అతుకు వేసినవానికి ధర నిర్ణయించు అధికారమును దక్కుచున్నది. ఆపిల్ వారు 8 నుండి 16 జీబీకి పోవుటకు అమెరికాలో 200 డాలర్లు అదనముగా తీసికొనుచు వచ్చిరి. ఆ నాళ్ళలో విడిగా అమ్ము 8 జీబీ పలక వెల అందులో చిన్న భాగమే. 2024 అక్టోబరులో వారే తమ మాక్ యంత్రములకు 16 జీబీ కనీసముగా చేసిరి. ఆ ముందు నెలలో 8 జీబీ యంత్రము కొన్నవాడు అదే ధర ఇచ్చి సగము బల్లతో మిగిలెను, పెంచుకొను దారియు లేదు. గాడి గల యంత్రము కొన్నవారికి సైతము కాలము కలిసిరాలేదు. కృత్రిమ మేధ యంత్రశాలల గిరాకీవలన 2025 చివరి నెలలలో మెమరీ ధరలు మిక్కిలిగా పెరిగినవి. క్రూషియల్ అను పేరుతో గృహస్థులకు మెమరీ అమ్ముచుండిన మైక్రాన్ సంస్థ ఆ వ్యాపారమును విరమించుచున్నట్లు ఆ డిసెంబరులో ప్రకటించెను. ఆలస్యము చేసిన కొలది చౌక యను పాత లెక్క ఇప్పుడు నమ్మదగినది కాదు. గాడి మాత్రము అక్కరకు వచ్చు వస్తువే. ధర తగ్గిననాడు వేయించుకొను స్వాతంత్ర్యమైనను మిగులును.

ఇక చట్టము మాట. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము వస్తువు యొక్క నాణ్యత, పరిమాణము, ప్రమాణము, ధర మొదలగువానిని తెలిసికొను హక్కును కొనువానికి ఇచ్చినది. కేంద్ర వినియోగదారుల శాఖ మరమ్మతు హక్కును గూర్చి 2022 జూలైలో సంఘము నేర్పరచి, డిసెంబరు 24న దానికై ఒక పోర్టలును తెరచినది. ఫ్రాన్సు దేశములో 2021 జనవరి నుండి ల్యాప్‌టాప్‌ల ప్రక్కనే వాని మరమ్మతు యోగ్యతను పదింటికి ఇన్ని మార్కులని చూపుచున్నారు. మేము అంత దూరము కూడ పోము. పెట్టెమీదను, బిల్లుమీదను ఒక్క పంక్తి వ్రాయవలెను: మెమరీ అతుకబడినదా, గాడిలో నున్నదా, ఎంతవరకు పెంచవచ్చును? దీనికి తయారీదారునకు అగు వ్యయము సిరాచుక్క. బియ్యపుమూటమీద తూకము వ్రాయించిన ప్రభుత్వమునకు ఇది అసాధ్యము కాదు. వ్యాపారులును చట్టమువరకు ఆగనక్కరలేదు. అడిగినవారికి బిల్లుమీద వ్రాసి ఇచ్చు అంగడికే మన కుటుంబములు పోవుట న్యాయమని మా అభిప్రాయము. నోటిమాటగా "తరువాత చూచుకొనవచ్చును సార్" అనువాని వద్ద కాగితము అడుగుడు. వ్రాసి ఇచ్చి మోసగించినచో జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915 సంఖ్యకు చెప్పుకొనుటకు ఆధార ముండును.

కొనుటకు ముందు తయారీదారుని లక్షణపత్రములో ఆ నమూనా పేరును సంపూర్ణముగా చూడవలెను. ఒకే పేరున్న యంత్రములలో ఒకదానికి గాడి యుండి వేరొకదానికి లేకపోవుట కలదు. "ఆన్‌బోర్డ్" అనియో, "సోల్డర్డ్" అనియో ఉన్నచో అది అతుకు. కొన్ని మధ్యరకపు యంత్రములలో 8 జీబీ అతికి, ప్రక్కన ఒక ఖాళీ గాడి వదలుదురు. ధరకును, బరువునకును మధ్యస్థమైన ఈ రకమే మన విద్యార్థులలో ఎక్కువమందికి తగినదని మా నిశ్చయము. అంగడిలో యంత్రము తెరచియున్నచో విండోస్ టాస్క్ మేనేజరులో మెమరీ పుటను చూపుమనుడు. ఫారమ్ ఫ్యాక్టర్ అనుచోట "రో ఆఫ్ చిప్స్" అని కనబడిన అది టంకముపనియే. అతుకు యంత్రమే కావలెనని పిల్లలు పట్టుబట్టినచో, నాలుగేండ్లకు సరిపడు మెమరీని మొదటనే కొనవలెను. ఇంజనీరింగునకు 16 జీబీకి తక్కువ కొనుట డబ్బును నీళ్ళపాలు చేయుటయే. దానికి ధర చాలనిచో కొంత లావైనను గాడి గలదానిని కొనుడు. సంచిలో పావుకిలో బరువు హెచ్చిన ఏ విద్యార్థి వెన్నును విరుగలేదు.

ఇదివరకే 8 జీబీ అతుకు యంత్రము కొన్నవారు నిరాశపడనక్కరలేదు. బ్రౌజరులో తెరచియుంచు పుటలను తగ్గించుట, యంత్రముతోపాటు తమంత తామే లేచు ప్రోగ్రాములను ఆపుట, గది నిండియున్నచో ఖాళీ చేయుట, వీలైన పెద్ద ఎస్‌ఎస్‌డీ వేయించుట అను పనులతో వ్రాతపనికిని, పాఠములు చూచుటకును అది ఇంకను కొన్నేండ్లు నిలుచును. భారమైన పనులకు చాలనినాడు దానిని తమ్మునికో చెల్లెలికో ఇచ్చి, పెద్దవానికి గాడి గల వేరొకదానిని చూచుకొనవలసినదే.