సాలూరా, పెండ్యాలా?

మొన్న ఆదివారం భోజనాల దగ్గర మాట 'మల్లీశ్వరి' మీదికి మళ్లింది. సంగీతం పెండ్యాలదని మా పెదనాన్న, సాలూరి రాజేశ్వరరావుదని మా బాబాయి. పప్పుచారు చల్లారిపోతున్నా ఇద్దరూ తగ్గలేదు. "ఒరేయ్, నాకు ఆరేళ్లు. ఎడ్లబండి కట్టించుకుని తెనాలి వెళ్లాం ఆ సినిమాకి..." అని పెదనాన్న అందుకున్నాడు. ఇంతలో మావాడు ఎంగిలి చెయ్యి విస్తట్లోనే ఉంచి, ఎడం చేత్తో ఫోన్ తీసి, "సాలూరే, 1951" అని తీర్పు చెప్పేశాడు.

అంతే. ఎడ్లబండి తెనాలి చేరనేలేదు. వాణ్ని చూసి తలో ఫోన్ బయటికొచ్చింది. పెదనాన్న మజ్జిగ పోసుకుని లేచిపోయాడు.

మావాడు చెప్పింది నిజమే. ఆ తొందర మీదే నా కోపం. వాదులాట మన భోజనాలకు ఊరగాయ లాంటిది, అది తేలిపోకూడదు.

పోయేది వాదులాట ఒక్కటే కాదు, జ్ఞాపకం కూడా. 2011లో బెట్సీ స్పారో, జెన్నీ లియు, డేనియల్ వెగ్నర్ అనే పరిశోధకులు 'సైన్స్' పత్రికలో ఒక ప్రయోగం గురించి రాశారు. కొందరి చేత రకరకాల సంగతులు కంప్యూటర్‌లో కొట్టించారు. ఇవి అందులో ఉండిపోతాయని సగం మందికి, చెరిగిపోతాయని మిగతా సగానికి చెప్పారు. ఉంటాయని నమ్మినవాళ్లకే తక్కువ గుర్తున్నాయి. అదే వ్యాసంలోని మరో ప్రయోగాన్ని వేరేవాళ్లు మళ్లీ చేస్తే ఫలితం రాలేదట. అది నా వాదనకు పనికిరాదు కనుక వదిలేస్తున్నాను.

అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగి ఎంత విసిగించినా, అవధాని చివర పద్యాలన్నీ ధారణతో అప్పజెబుతాడు. మన జేబులో అప్రస్తుత ప్రసంగి మాత్రం పగలూ రాత్రీ మోగుతున్నాడు. ధారణే లేదు.

సరే, పిల్లల చేతిలోంచి ఫోన్ లాక్కుందాం. ఎక్కడికి పొమ్మంటాం? 1935లో కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువలో పడవ మీద పుస్తకాలు తిప్పిన నేల ఇది. ఇవాళ మా పేట గ్రంథాలయంలో ఫ్యాను తిరగదు, కొత్త పుస్తకం రాదు. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు మాత్రం ఠంచనుగా వసూలవుతుంది. చాలాచోట్ల ఆ సొమ్ము గ్రంథాలయ సంస్థకు చేరకుండా మున్సిపాలిటీ ఖర్చుల్లోనే కలిసిపోతోంది. ఫోన్లు పిల్లల్ని పాడుచేస్తున్నాయని సభల్లో వాపోయే పెద్దలు దీని మీద ఒక్క మాటా అనరు.

మీ పన్ను రసీదులో ఆ సెస్సు వరుస ఎక్కడుందో వెతకండి. ఆ డబ్బు ఏమైందో వెళ్లి అడగండి. నేను మార్చిలో అర్జీ పెట్టాను. ఇంతవరకూ జవాబు లేదు.