గడ్డ కరిగే సూది అనంతపురంలోనే పడల్ల

పచ్చవాతంలో ఎక్కువ కేసులు మెదడు రక్తనాళంలో నెత్తురు గడ్డ అడ్డం పడి వచ్చేవే. దానికి రెండు దారులుండాయి. ఒకటి, గడ్డను కరగబెట్టే సూది. ఇది 1990ల నుంచీ ఉంది. రెండోది, తొడకాడ రక్తనాళంలోంచి సన్నని గొట్టం మెదడుదాకా పంపి గడ్డను బయటికి లాగేయడం. పెద్ద నాళంలో గడ్డకు ఇదే గట్టి వైద్యమని 2015లో వరసగా వచ్చిన పరీక్షల్లో తేలింది.

ఎట్లా లాగేస్తాం కదా, ముందు సూది దేనికి, నెత్తురు కారితే ఎట్లా అని డాక్టర్లలో శానా ఏండ్లు వాదన నడిచింది. ఆరు పరీక్షల్లోని 2313 మంది లెక్కలు కలిపి 2023లో చూసినారు. సూది మానేసినా నష్టం లేదని రుజువు కాలేదు. 2025లో చైనా నుంచి ఇంకో పరీక్ష వచ్చింది, 550 మందితో. టెనెక్టెప్లేజ్ సూదేసి గడ్డ లాగినోళ్లలో నూటికి 53 మంది దాకా మూడు నెలలకి తమ పని తాము చేసుకోగలిగినారు. ఉత్తగా లాగినోళ్లలో 44 మందే.

ఒక మాట గమనించండి. ఈ పరీక్షలన్నీ గడ్డ లాగే ఆసుపత్రికే నేరుగా చేరినోళ్ల మీద జరిగినవి. మరి శింగనమలోళ్ల సంగతి?

లెక్కేసి చూద్దాం. పొద్దున ఆరుకు శెనిక్కాయ చేన్లో మనిషి మూతి వంకరపోయింది అనుకో. 108 వచ్చి, ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దాటి అనంతపురం చేరి, స్కానింగ్ అయ్యేసరికి ఎనిమిది. గడ్డ లాగించడానికి బెంగళూరు పోవల్లంటే ఇంకా 200 కిలోమీటర్ల పైనే. హెబ్బాళ ట్రాఫిక్ దాటేసరికి పన్నెండు. సూదికి గడువు మామూలుగా నాలుగున్నర గంటలు, అంటే పదిన్నరకే అయిపోయె. ఆ ఆరు పరీక్షల లెక్కనే 2024లో తిరగేస్తే, సూదీ లాగడమూ కలిపితే వచ్చే లాభం 2 గంటల 20 నిమిషాల్లోపు సూది పడినోళ్లకే స్పష్టంగా కనిపించింది. ఆ టైములో మనోడు ఉండేది అనంతపురంలోనే. ఆడ సూదేసి, ఆలస్యం చేయకుండా అంబులెన్స్ ఎక్కించల్ల. రెండూ కలపడమంటే మనకి అర్థం ఇదే.

గుండెపోటుకు ఈ తెలివి మన సర్కారుకి వచ్చింది. 2023లో మొదలైన స్టెమీ పథకంలో చిన్న ఆసుపత్రిలో ఈసీజీ తీసి, దూరాన ఉండే గుండె డాక్టరుకు పంపి, అదే టెనెక్టెప్లేజ్‌ను ఉచితంగా వేస్తారు. డోసు వేరే, సూది అదే. మెదడుకి ఈసీజీ చాలదు, సీటీ స్కాన్ తప్పదు. గడ్డ కాకుండా నాళం చిట్లి నెత్తురు కారతాంటే ఈ సూది ప్రాణం తీస్తాది. అందుకే రాత్రి రెండింటికైనా స్కాన్ తీసేటోడు, దాన్ని ఫోన్లో చూసి మాట చెప్పే న్యూరో డాక్టరు, ఫ్రిజ్‌లో సూది ఉండల్ల. ఎమ్మెల్యేను అడగాల్సింది ఇది, ఇంకో ఆర్చి కాదు.

ఇంట్లో ఆలస్యం వేరే కత. పావురం నెత్తురు పూసేది, నాటుమందుకు పరిగెత్తేది ఇంగా ఆగలే. మెదడులో నిమిషానికి 19 లక్షల కణాలు చస్తాయని లెక్క. మూతి వంకర, చెయ్యి జారడం, మాట తడబడటం, ఏది కనిపించినా 108కి కొట్టండి. నోట్లో నీళ్లు పోయొద్దు, ఆస్పిరిన్ మాత్ర కూడా వద్దు. మనిషి చివరాఖరికి బాగున్న టైము ఫోన్లో రాసిపెట్టుకోండి, డాక్టరు మొదట అడిగేది అదే. నిద్ర లేచేసరికే చెయ్యి పడిపోయింటే రాత్రి పడుకున్న టైమే లెక్క. అట్లాంటోళ్లనూ వదిలేయొద్దు, స్కాన్‌లో మెదడు ఇంకా బతికున్నట్టు తేలితే 24 గంటల దాకా గడ్డ లాగొచ్చని 2018లో తేలింది.