మానవజాతిది ఏ గోత్రం?

గత కార్తికమాసంలో ఒకనాటి సాయంత్రం, జిన్నారంలో మా గీతాధ్యయన గోష్ఠి ముగిసిన పిదప, ఊరి యువకులు గోడకు తెల్లని పంచె కట్టి ఒక పర్యావరణ చిత్రం ప్రదర్శించారు. ఆంగ్లదేశీయుడైన ప్రకృతివేత్త డేవిడ్ అటెన్‌బరో తొంభై మూడేళ్ల వయస్సులో తన జీవితాన్నే సాక్ష్యంగా వినిపించిన 'ఎ లైఫ్ ఆన్ అవర్ ప్లానెట్' (2020) అది. చెర్నోబిల్ సమీపాన జనశూన్యమైన ప్రిప్యాట్ నగరశిథిలాల నడుమ ఆ చిత్రం ఆరంభమవుతుంది. నడుమ నడుమ తెరపై సంఖ్యలు కనిపిస్తాయి. 1937లో జనాభా 230 కోట్లు, భూమిపై మిగిలిన వన్యప్రదేశం 66 శాతం. 2020 నాటికి జనాభా 780 కోట్లు, వన్యప్రదేశం 35 శాతం. ఒక విద్యార్థి ఎప్పటికప్పుడు తెలుగులో భావం చెబుతున్నాడు. "మానవుడు అడవులు నరికాడు, మానవుడు సముద్రాలను ఖాళీ చేశాడు" అని సాగుతోంది అతని అనువాదం. వెనుక వరుసలో కూర్చున్న ఒక వృద్ధురాలు నన్ను తట్టి అడిగింది: "గా మానవుడు ఎవలు సారూ? మన చెర్వు ఖరాబు చేసినోడేనా?"

నాకు తక్షణం సమాధానం స్ఫురించలేదు. ఇన్నాళ్లుగా మననం చేస్తూ వచ్చిన దానిని సాధకమిత్రుల ముందుంచుతున్నాను.

ఆ చిత్రం మీద నాకు గౌరవం ఉన్నది. చూచినదానిని చూచినట్లు చెప్పే వృద్ధుని వాక్కులో ఒక ఆర్జవం ఉంటుంది. నా సందేహమంతా ఆ ఒక్క పదం మీదనే: 'మానవుడు'. నేటి పర్యావరణ చిత్రాలలో అధికభాగానికి కర్తృకారకం ఇదే. కెమెరా ఆకాశమార్గాన పోతుంది. అంత ఎత్తు నుంచి చూస్తే ఊళ్లకు సరిహద్దులుండవు, కర్మాగారాలకు యజమానులుండరు. అంతా ఒకటే నేల, అంతా ఒకటే జాతి, అపరాధమూ అందరిదే. ఇందుకు ప్రతిపక్షంగా నిలిచేవారిదీ ఇదే భాష. జెఫ్ గిబ్స్ దర్శకత్వంలో మైకేల్ మూర్ సమర్పించగా 2020లో విస్తృతంగా ప్రచారంలోకి వచ్చిన 'ప్లానెట్ ఆఫ్ ది హ్యూమన్స్' సౌరవిద్యుత్తు, పవనవిద్యుత్తు అనే ఆశలను కూడా భ్రాంతులే అన్నది. చివరకు మనుషుల సంఖ్య వద్దకు, వారి భోగం వద్దకు వచ్చి ఆగింది. దాని మీద పెద్ద వివాదమే నడిచింది. అయితే వాదికీ ప్రతివాదికీ నడుమ మార్పు లేక నిలిచినది మళ్లీ ఆ మానవుడే.

భూగర్భశాస్త్రజ్ఞులలోనూ ఇటువంటి చర్చే జరిగింది. మనిషి చేతల ముద్ర శిలలలో సైతం పడుతున్నది కనుక ఈ కాలానికి 'ఆంత్రోపోసీన్', అంటే మానవయుగం, అని పేరు పెట్టాలన్న ప్రతిపాదనను పాల్ క్రుట్జన్ 2000లో ప్రచారంలోకి తెచ్చాడు. 2024 మార్చిలో ఆ శాస్త్రజ్ఞుల సంఘమే దానిని అధికారిక కాలవిభాగంగా అంగీకరించలేదు. మనుషుల ప్రభావం లేదని వారనలేదు. దానికి ఒక ఆరంభరేఖ గీయడంలోనే చిక్కు వచ్చింది. మనం నిత్యం సంకల్పంలో కాలాన్ని మన్వంతరాలతో, అంటే మనువు పేరుతోనే, చెప్పుకుంటున్నాము. దీనిని పట్టుకుని మనవాళ్లు ఏనాడో చెప్పారని చంకలు గుద్దుకోనక్కరలేదు. మన సంకల్పంలో ఇంతకన్న అవసరమైన విషయం మరొకటి ఉన్నది. దానికి వచ్చే ముందు ఆ వృద్ధురాలు అడిగిన చెరువు సంగతి చెప్పాలి.

జిన్నారం మండలమంటే బొల్లారం, కాజిపల్లి, గడ్డపోతారం వంటి పారిశ్రామిక గ్రామాల సీమ. 1970 దశకంలో, వెనుకబడిన మెదక్ జిల్లాకు ఉపాధి కలగాలన్న సదుద్దేశంతో పటాన్‌చెరు చుట్టూ పారిశ్రామికవాడలు వెలిశాయి. హైదరాబాదులోని ఐ.డి.పి.ఎల్. కర్మాగారంలో పనిచేసి విద్య నేర్చిన రసాయనజ్ఞులు, 1970 నాటి పేటెంటు చట్టం ఇచ్చిన వెసులుబాటుతో, ముడి ఔషధాల తయారీకి పూనుకున్నారు. ఫలితం అల్పమైనది కాదు. ప్రపంచంలోని నిరుపేద రోగులకు చౌకగా మందులు అందాయి. ఈ ప్రాంతంలో వేలాది కుటుంబాలు ఆ జీతాలతోనే పిల్లలను చదివించుకున్నాయి. ఈ పుణ్యాన్ని మరచి మాట్లాడడం అధర్మమే అవుతుంది.

అయితే ఆ వాడల వ్యర్థజలం నక్కవాగులోకీ, చెరువులలోకీ చేరింది. నక్కవాగు మంజీరలో కలుస్తుంది, మంజీర గోదావరిలో. 1990లోనే ఈ విషయం సర్వోన్నత న్యాయస్థానానికి వెళ్లింది. అక్కడి నుంచి ఉన్నత న్యాయస్థానానికి, తరువాత హరిత ట్రిబ్యునల్‌కు మారి, 2017లో తీర్పు వచ్చింది. ఇరువది ఏడేళ్లు! ఒక తరం పుట్టి, పెరిగి, వివాహమాడే కాలం. పటాన్‌చెరులో రోగులను చూస్తూ చూస్తూనే ఆ రోగాల మూలం నీటిలో ఉన్నదని గ్రహించి, దశాబ్దాల పాటు పోరాడిన వైద్యులు అల్లాని కిషన్‌రావుగారిని ఇక్కడ స్మరించకుండా ఉండలేను. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో 43 పారిశ్రామిక ప్రాంతాలను అత్యంత కలుషితమైనవిగా ప్రకటించినప్పుడు పటాన్‌చెరు-బొల్లారం అందులో ఉన్నది.

2007లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు యోకిమ్ లార్సన్ బృందం ప్రచురించిన పరిశోధన లోకాన్ని ఆశ్చర్యపరచింది. సుమారు 90 ఔషధ కర్మాగారాల వ్యర్థాలను స్వీకరించే పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధికేంద్రం నుంచి బయటకు వచ్చే నీటిలో, అనగా శుద్ధి అయిన తరువాతి నీటిలో, సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నది. మందు మ్రింగిన రోగి రక్తంలో ఉండే పరిమాణాన్ని మించినది ఇది. ఒక్క రోజులో వాగులోకి పోతున్న ఆ ఔషధం సుమారు 45 కిలోలని వారి అంచనా. 2014లో కాజిపల్లి చెరువు మట్టిని పరీక్షించినవారు, మందులను ధిక్కరించే లక్షణాన్నిచ్చే జన్యువులు పోలిక కోసం తీసుకున్న స్వీడన్ సరస్సులో కన్న అక్కడ సుమారు 7000 రెట్లు అధికంగా ఉన్నాయన్నారు. సూక్ష్మజీవులు ఈ జన్యువులను ఒకదానికొకటి ఇచ్చిపుచ్చుకుంటాయి. రోగనివారణకై పుట్టిన పదార్థమే రోగక్రిములకు గురుకులమైనది.

ఈ నీటి మీద కూడా ఒక చిత్రం వచ్చింది. 2017లో జర్మనీ దూరదర్శనంలో ప్రసారమైన ఆ చిత్రం పేరును తెలుగులో 'అదృశ్య శత్రువు' అనవచ్చు. దానితో పాటు లైప్‌జిగ్ వైద్యుడు క్రిస్టోఫ్ ల్యూబెర్ట్ బృందం హైదరాబాదు పరిసరాలలో 28 చోట్ల సేకరించిన నీటి నమూనాల పరీక్షాఫలితాలను ప్రచురించింది. పటాన్‌చెరు-బొల్లారం ప్రాంతపు మురుగు కాల్వలో ఫ్లూకోనజోల్ అనే శిలీంధ్రనాశక ఔషధం లీటరుకు 236 మిల్లీగ్రాములకు మించి తేలింది. అటెన్‌బరో చిత్రంతో పోలిస్తే ఇది చిన్న ప్రయత్నం. అయినా నా దృష్టిలో ఇదే ఉత్తమం. ఎందుకంటే ఇది ఆకాశం నుంచి దిగింది. ఒక వాగు ఒడ్డున నిలబడి, సీసా ముంచి, ఇక్కడ ఇంత ఉన్నదని చెప్పింది. జర్మన్ ప్రేక్షకునికి తన ఆసుపత్రికి ఆ క్రిమి రాగలదన్న భయమే ముఖ్యమై ఉండవచ్చు. ఉండనివ్వండి. స్వార్థంతో చెప్పినా సత్యం సత్యమే.

ఇప్పుడు వేదాంతంలోకి వద్దాం. కర్మ సిద్ధించడానికి గీత పదునెనిమిదవ అధ్యాయం ఐదు హేతువులు చెబుతుంది: అధిష్ఠానం, కర్త, కరణం, వివిధ చేష్టలు, దైవం. అధిష్ఠానమంటే శరీరమని శంకర భగవత్పాదుల వ్యాఖ్య. నేనా పదాన్ని కొంచెం సాగదీసి, కర్మ జరిగిన నేల అని కూడా గ్రహిస్తున్నాను, పెద్దలు మన్నింతురుగాక. నక్కవాగు పరీవాహం అధిష్ఠానం. గొట్టాలు, ట్యాంకర్లు, పంపులు కరణాలు. వాన పడే రాత్రి చూసుకుని తూము తెరవడం చేష్ట. ఈ ఊళ్లవారు ఏళ్ల తరబడి చేస్తున్న ఫిర్యాదు ఇదే. వాన కూడా దైవమే కదా, పాపం, అది అన్నిటినీ మోసుకుపోతుంది. మరి కర్త? ఆ స్థానంలో మానవజాతి అని వ్రాసుకుంటే, మిగిలిన నాలుగూ నిజమై ఉండి, ఐదవది మాత్రం శూన్యమవుతుంది. జిన్నారం జనసంఖ్య పెరిగినందువలన కాజిపల్లి చెరువు చెడలేదు. పది మంది కలసి తీసుకున్న నిర్ణయాల వలన, ఇరవై మంది సంతకాల వలన, వంద మంది మౌనం వలన చెడింది.

"ఆత్మ అకర్త అని గీత అదే చోట చెబుతున్నది కదా?" అని కొందరు సాధకులు అడుగుతారు. నిజమే. కానీ అకర్తృత్వం ఫలత్యాగికి సిద్ధించే స్థితి. లాభాన్ని లెక్కపెట్టి తీసుకునేటప్పుడు నేనున్నాను, నష్టాన్ని ఎవరు చేశారంటే మానవజాతి ముందుకు వస్తుంది. భోక్త నేను, కర్త జాతి. ఇది ఏ వేదాంతం? ఈ మాట పరిశ్రమల యజమానులకే చెప్పి నేను తప్పుకోలేను. నా మందుల పెట్టెలో చౌకగా దొరికిన సిప్రోఫ్లాక్సాసిన్ పట్టీ ఉన్నది. అది ఎందుకంత చౌక అని ఏనాడూ అడగలేదు. దాని అసలు మూల్యంలో కొంతభాగం ఆ వృద్ధురాలి చెరువు చెల్లించింది.

చిత్రం చూసే మనకు మరొక భ్రాంతి కలుగుతుంది. చీకటిలో కూర్చుని, వెలుగుతున్న తెరను చూస్తూ, కన్నీరు కారుస్తూ, మనం సాక్షులమైనామనుకుంటాము. ప్రేక్షకుడు వేరు, సాక్షి వేరు. సాక్షిచైతన్యం దేనికీ అంటదు. ప్రేక్షకునికి అన్నీ అంటుతాయి, గంటన్నర తరువాత అన్నీ వదలిపోతాయి.

సంకల్పం సంగతి ఇప్పుడు చెబుతాను. మనలో ఏ వ్రతమైనా, ప్రాయశ్చిత్తమైనా సంకల్పం లేకుండా ఆరంభం కాదు. అందులో కర్త విశ్వంతో మొదలుపెడతాడు. ద్వీపం, వర్షం, ఖండం చెప్పి, కృష్ణాగోదావరుల నడిమి దేశమని చెప్పి, చివరకు తానున్న ఇంటికి వస్తాడు. కాలం కూడా కల్పం నుంచి నేటి తిథి వరకు దిగుతుంది. ఆపైన గోత్రం, పేరు. ఎంత దూరం నుంచి వచ్చినా చివరకు ఒక ఇంట, ఒక తిథినాడు, పేరు గల ఒక మనిషి దోసిట నీరు పట్టవలసిందే. మానవజాతి తరఫున సంకల్పం చెప్పే విధి ఏ గృహ్యసూత్రంలోనూ నేను చూడలేదు. ఆ జాతిది ఏ గోత్రం?

ఆ కృష్ణాగోదావరుల నడిమి దేశమన్న మాటను మా ప్రాంతం వింతగా నిజం చేసింది. వాగు మీద ఒత్తిడి పెరిగిన తరువాత, పటాన్‌చెరు నుంచి సుమారు 18 కిలోమీటర్ల గొట్టం వేసి, శుద్ధి చేసిన వ్యర్థజలాన్ని నగరపు మురుగు కాల్వ ద్వారా అంబర్‌పేట శుద్ధికేంద్రానికీ, అటు నుంచి మూసీకీ మళ్లించారు. మూసీ కృష్ణకు ఉపనది. అనగా గోదావరి పరీవాహంలో చేసిన కర్మను కృష్ణా పరీవాహానికి బదిలీ చేశాము. కర్మను ఇలా గొట్టం వేసి పొరుగు నదికి పంపవచ్చునని మన శాస్త్రకారులకు తెలియక పోయింది!

మనవారిలో మరొక వర్గం ఉన్నది. ఈ చిత్రాలన్నీ పాశ్చాత్యుల కుట్ర, మేము నదిని తల్లిగా పూజించే జాతివారము, మాకు పాఠాలేమిటి అనేవారు. మనుస్మృతి నాల్గవ అధ్యాయం నీటిలో వేయరానివాటి జాబితా ఇస్తూ మలమూత్రాలతో మొదలుపెట్టి విషంతో ముగిస్తుంది. కౌటిల్యుడు జలస్థానాన్ని మలినం చేసినవానికి దండన విధించాడు. తటాకనిర్మాణం మనకు సప్తసంతానాలలో ఒకటి, కన్నకొడుకుతో సమానం. ఇంతటి శాస్త్రం చేతిలో ఉంచుకుని మనం కాజిపల్లి నీటి సంగతి స్వీడన్ వారు సీసా ముంచి చెప్పేదాకా ఆగాము. ఇందులో కుట్ర ఎవరిది?

మా చెంతనే బొంతపల్లిలో వీరభద్రస్వామి వెలసి ఉన్నాడు. 2016 వరకు ఆ ఊరు జిన్నారం మండలంలోనే ఉండేది. ఇప్పుడు ఆ కోవెలకు వెళ్లే భక్తుల దృష్టికి కర్మాగారాల గొట్టాలు కూడా తగులుతాయి. అక్కడ నిలబడినప్పుడల్లా నాకు దక్షయజ్ఞం తలపునకు వస్తుంది. దక్షుడు మూర్ఖుడు కాడు. అతని పేరే సామర్థ్యం. యజ్ఞం లోకహితానికే, ఋత్విజులు నిపుణులే, హవిస్సు సమృద్ధమే. లోపించినదొక్కటే: ఒకరికి భాగం పెట్టలేదు. మందుల తయారీ నిజంగా యజ్ఞమే అనుకుందాం. అందులో వాగు భాగం ఏది? శుద్ధికి అయ్యే వ్యయాన్ని మిగులుగా లెక్కించినవాడు హవిర్భాగాన్ని దాచుకున్నట్లే కదా. కథలో వీరభద్రుడు వచ్చాడు, దక్షుని శిరస్సు తెగింది. తరువాత ఏమైందో మనం తరచు మరచిపోతాము. దక్షుడు మేషశిరస్సుతో మళ్లీ లేచాడు, రుద్రునికి భాగం పెట్టి ఆ యజ్ఞాన్ని పూర్తి చేశారు. యజ్ఞశాలను శాశ్వతంగా మూసివేయమని ఏ పురాణమూ చెప్పలేదు.

మరుసటి గోష్ఠినాడు యువకులు చిత్రం పెట్టలేదు. ఒక నోటుపుస్తకం తెచ్చారు. చెరువు వద్దకు వెళ్లి ఏ తేదీన ఏ రంగు కనిపించిందో, ఏ వేళ ఏ వాసన వచ్చిందో, చేపలు తేలాయో లేదో వ్రాయడం మొదలుపెట్టారు. సంబంధిత కార్యాలయానికి ఇవ్వవలసిన ఫిర్యాదు పత్రం కూడా తెచ్చారు. ఆ కార్యాలయం గడప మేము ఇదివరకు ఎక్కి దిగినవారమే. అందుకే నాకు పెద్ద ఆశ లేదని ముందే చెప్పాను. అయినా పత్రం చేతికి తీసుకుని చూస్తే పై వరుసలలో అడిగినవి ఇవి: ఫిర్యాదుదారు పేరు, తండ్రి లేక భర్త పేరు, గ్రామం, తేదీ. ఎవరు ముందు వ్రాస్తారని కుర్రవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. ఆ వృద్ధురాలు కలం అడిగింది. ఆమెకు తన పేరొక్కటే వ్రాయడం వచ్చు. నెమ్మదిగా, గడి దాటిపోయేంత పెద్ద అక్షరాలతో వ్రాసి, పత్రాన్ని నా వైపు జరిపింది.